రెండు గళ్ళ రిజిస్టరు

ముప్ఫైఒక్క ఏళ్ళు మునిసిపల్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసినవాణ్ణి. నిబంధన అంటే నాకు గౌరవం. ఈల ఊదితే కదలాలి, ఊదితే ఆగాలి. ఎందుకు అని అడిగినవాడి చేత గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తించేవాణ్ణి. అందుచేత ఏకవ్యక్తి యోగ బోధనా ప్రాధికార సంస్థవారి మార్గదర్శిక మా ఇంటికి రిజిస్టరు పోస్టులో వచ్చిన రోజున స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని మరీ చదివాను.

రిటైరయ్యాక రామచంద్రపురంలో నేను చేస్తున్న పని అదే. ఇళ్ళకు వెళ్ళి ఒక్కొక్కరికి విడిగా యోగా చెబుతాను. నా పద్ధతి చెప్పాలంటే పోస్టుకార్డు చాలు. మొదటి రోజు ఆసనం జోలికి పోను. ఆ మనిషి చెప్పులు ఎలా విడుస్తున్నాడో, కుర్చీలో ఎలా కూలబడుతున్నాడో, ఊపిరి ఎక్కడ బిగబడుతున్నాడో చూస్తాను. నొప్పి ఎక్కడ అని అడిగి, చెప్పింది నోరు మూసుకుని వింటాను. ఒంటి మీద చెయ్యి వేసే ముందు అడుగుతాను. ముఖం చిట్లిస్తే అక్కడితో ఆపుతాను. ఇంతకంటే నాకేమీ తెలియదు.

సంస్థవారికి మాత్రం నూటపద్నాలుగు పేజీల మేరకు తెలుసు. మొదటి నలభై పేజీలు మన పూర్వుల గొప్పతనం గురించి. అది మనకు తెలిసిందే కాబట్టి దాటవేశాను. నిబంధనలు ఆ తర్వాత మొదలవుతాయి. ఏడవ నిబంధన: ఏకవ్యక్తి బోధనయందు ఒక గురువునకు ఒకే శిష్యుడు ఉండవలెను. ఎనిమిదవ నిబంధన: బోధనా సమయమున ఆ స్థలమునందున్న ప్రతి వ్యక్తిని రిజిస్టరులో గురువు గడిలో గాని, శిష్యుని గడిలో గాని నమోదు చేయవలెను. తొమ్మిదవ నిబంధన: ప్రతి గురువును ఒక పరిశీలకుడు ప్రత్యక్షముగా పరిశీలించవలెను.

మూడూ విడివిడిగా చదివాను. మూడూ సబబుగానే ఉన్నాయి. మూడింటినీ కలిపి చదవాలన్న బుద్ధి నాకప్పుడు పుట్టలేదు. రాసినవాళ్ళకూ పుట్టలేదని తర్వాత తెలిసింది.

ఆ రోజుల్లో నా చేతిలో ఉన్న కేసు ఏడుకొండలు మెడ.

ఏడుకొండలు బస్సు డ్రైవరు. ఎనిమిదో తరగతిలో నా డ్రిల్లు పీరియడు ఎగ్గొట్టి చెరుకు తోటల్లో తిరిగిన ఘనుడు. వాడికిప్పుడు యాభై దాటాయి. పంతొమ్మిదేళ్ళుగా కోటిపల్లి రూట్లో బస్సు నడుపుతున్నాడు. ఓ రోజు తెల్లవారి లేచేసరికి మెడ బిగుసుకుపోయింది. ఎడమకు తిరుగుతుంది, కుడికి తిరగదు. కుడి అద్దం చూడలేని డ్రైవరుకి బస్సు ఎవరిస్తారు. డిపో డాక్టరు ఒకటో తారీఖున చూసి ఇరవైతొమ్మిది దాకా గడువిచ్చాడు. అప్పటికి గడ్డం కుడి భుజం మీదికి వస్తే సరి, లేకపోతే గేటు డ్యూటీ.

"గేటు కాడ కూచ్చుని వచ్చే బండీ పోయే బండీ పుస్తకంలో రాసుకోవాలంటండి," అన్నాడు వాడు మొదటి రోజు. "ఇంకోడు తోలే నా బండి టయాం నేను రాసుకోవాలండి. ఆ పని చెయ్యలేనండి మాస్టారూ. మీరేం చెయ్యమంటే అది చేత్తాను."

మనిషి గట్టివాడే, కానీ ఆ మాట అంటున్నప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు చాలా కష్టమనిపించింది. తిట్టడం తప్ప ఓదార్చడం రాదు కాబట్టి, ముందు నిటారుగా కూర్చోరా అన్నాను.

వాళ్ళ ముందుగది పది అడుగులకు పది. మధ్యలో కుర్చీ వేయించాను. కుడివైపు గోడకు ఎరువుల కొట్టువాళ్ళ కేలండరు వేలాడుతోంది. అదే నాకు కొలబద్ద అయింది. వాడు ఎదురుగా చూస్తూ కూర్చుని, ఊపిరి వదులుతూ మెల్లగా కుడికి తిరగాలి. కళ్ళు తిప్పితే లెక్కలోకి రాదు, ముక్కు తిరగాలి. మొదటి రోజు గుమ్మం చెక్క దగ్గరే ఆగిపోయాడు. మూడో రోజుకి కేలండరులో వారాల పేర్లు కనిపించాయి. వారం తిరిగేసరికి ఒకటో తారీఖు వరస దాటి, ఎనిమిదో తారీఖు వరస కూడా దాటి, పదిహేను చదివాడు.

"ఇరవైతొమ్మిది కనపడితే ఇరవైతొమ్మిదిన నెగ్గేసినట్టే కదండీ," అన్నాడు. వాడి భార్య మాణిక్యం వంటింట్లోంచి ఆ మాట విని చెంపలు వేసుకుంది.

తొమ్మిదో తారీఖు పొద్దున్న పరిశీలకుడు వచ్చాడు. పేరు సుదర్శనం. ఇస్త్రీ చొక్కా, చంకలో పొడుగాటి రిజిస్టరు. వినయంగానే నమస్కారం పెట్టాడు.

"కర్రి గంగరాజుగారు మీరేనా అండి. మీ బోధనను పరిశీలించవలసిందిగా నన్ను ఆదేశించారు. మీరు కానివ్వండి. నేను ఇక్కడ లేను అనుకోండి."

లేనని తను అనుకున్నా రిజిస్టరు అనుకోదు కదా. పెన్ను తీసి గురువు గడిలో నా పేరు రాశాడు. శిష్యుడి గడిలో ఏడుకొండలు పేరు రాశాడు. తర్వాత ఆగిపోయి తన పేరు ఎక్కడ రాయాలా అని ఆలోచనలో పడ్డాడు.

"గురువు గడిలో రాయాలంటే నాకు యోగా రాదండి," అన్నాడు.

"పోనీ రాయడం మానెయ్యండి."

"స్థలంలో ఉన్న ప్రతి వ్యక్తినీ అని ఉందండి."

శిష్యుడి గడిలో తన పేరే తను రాసుకున్నాడు. రాసి చూసుకునేసరికి ముఖం పాలిపోయింది. ఒక గురువుకి ఇద్దరు శిష్యులు. ఏడవ నిబంధన ఉల్లంఘన. అంతలో మాణిక్యం టీ పట్టుకొచ్చింది. పాపం, మర్యాద మనిషి. ఆవిడ గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టేసరికి ఒకటికి మూడయింది.

"అమ్మా, మీ పేరు," అన్నాడు సుదర్శనం నీరసంగా.

మర్నాడు సంస్థవారు లోపాన్ని సవరించారు. సుదర్శనానికి ఒక గురువు, మాణిక్యానికి ఒక గురువు, ఇద్దరిని పంపారు. ప్రతి గురువుకీ ఒక పరిశీలకుడు ఉండాలి కాబట్టి వాళ్ళ వెంట ఇద్దరు పరిశీలకులు వచ్చారు. ఆ ఇద్దరికీ యోగా రాదు కాబట్టి శిష్యుల గడిలో పడ్డారు. ముగ్గురు గురువులు, అయిదుగురు శిష్యులు. తేడా ఇద్దరే కాబట్టి ఆ మర్నాడు ఇంకో ఇద్దరు గురువులు వచ్చారు, వాళ్ళతో ఇంకో ఇద్దరు పరిశీలకులు.

పదకొండో తారీఖుకి ఆ పది అడుగుల గదిలో మేము పన్నెండుమందిమి. బజారు నుంచి బెండకాయలు తెస్తున్న మాణిక్యాన్ని గుమ్మంలోనే ఆపి చాప మీద కూర్చోబెట్టారు. ఆవిడ గురువు భక్తిగా ప్రాణాయామం చెబుతున్నాడు, పొయ్యి మీద పాలు పొంగి వాసన వస్తోంది.

"అయ్యా, పాలు," అందావిడ కళ్ళు మూసుకునే.

"శిష్యులు మధ్యలో లేవరాదమ్మా. హాజరు పోతుంది."

"హాజరు పోతే పోనీండి, గిన్నె పోతందండి."

గిన్నె పోయింది. అది కొనుక్కోవచ్చు. నా బాధ వేరే. ఏడుకొండలు కుర్చీని జరిపీ జరిపీ మూలకు నెట్టారు. కేలండరుకి ఆనుకుని ఒక బొద్దు పరిశీలకుడు కూర్చున్నాడు. ఏడుకొండలు ఊపిరి వదులుతూ కుడికి తిరిగాడు.

"ఏం కనపడుతోందిరా?"

"ఆయన చెవండి."

చెవి అంటే పాత లెక్కలో గుమ్మం చెక్కతో సమానం. పదిహేను చదివిన మెడ మూడు రోజుల్లో మొదటికి వచ్చేసింది. చుట్టూ పదిమంది కళ్ళప్పగించి చూస్తుంటే ఏ మెడ మాత్రం వదులవుతుంది. సంస్థకు చెప్పకుండా వేరే ఎక్కడన్నా చెబుదామంటే పదిహేడవ నిబంధన అడ్డొచ్చింది: నమోదైన శిష్యునకు నమోదైన ప్రాంగణములో, నమోదైన సమయములో మాత్రమే బోధించవలెను. మీరితే నా అనుమతి రద్దవుతుంది, వాడు మూడేళ్ళ పాటు యోగానికి అనర్హుడవుతాడు.

పదమూడున జిల్లా కార్యాలయానికి వెళ్ళాను. నియంత్రణాధికారి విశ్వంభరరావుగారు నన్ను గంటన్నర బయట కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. మనిషి నిండుగా ఉన్నారు. వెనక గోడ మీద తామరపువ్వులో కూర్చున్న యోగి బొమ్మ ఉంది.

"మాస్టారూ, ఏకవ్యక్తి బోధన ఒక సమున్నత లక్ష్యం," అన్నారు నా మాట విన్నాక. "దాన్ని చేరుకునే క్రమంలో వ్యక్తుల సంఖ్య కించిత్తు పెరగడం పరిపాలనాపరంగా సహజం."

"పన్నెండుమంది అయ్యామండి. ఒక్కడి మెడకి."

"పన్నెండుమందికీ వ్యక్తిగత శ్రద్ధ లభిస్తోందా లేదా?"

"నా శిష్యుడికి తప్ప అందరికీ లభిస్తోందండి."

"అంటే విజయశాతం సంతృప్తికరమే," అని కాగితం మీద ఏదో రాసుకున్నారు.

నేను సర్వీసులో ఎన్నడూ పై అధికారికి సలహా చెప్పినవాణ్ణి కాదు. ఆ రోజు చెప్పాను. రిజిస్టరులో మూడో గడి ఒకటి గీయించండి, ఇతరులు అని పేరు పెట్టండి, పరిశీలకులూ టీ తెచ్చేవాళ్ళూ అందులో పడతారు, పీడా వదిలిపోతుంది అన్నాను.

విశ్వంభరరావుగారు కళ్ళు మూసుకున్నారు.

"ఇతరులు," అన్నారు అలాగే. "యోగ దృష్టిలో ఇతరులు ఎవరు మాస్టారూ? తాను వేరు, పరుడు వేరు అన్న భావమే అజ్ఞానం. ఆ అజ్ఞానాన్ని ప్రభుత్వ ఖర్చుతో అచ్చువేయమంటారా? పైగా నలభైవేల రిజిస్టర్లు ఇప్పటికే ముద్రించి ఉన్నాయి."

వేదాంతం వదిలి లెక్కల్లోకి దిగాను.

"మరి ఈ లెక్క ఎక్కడ ఆగుతుందండి? గురువుకి పరిశీలకుడు, పరిశీలకుడికి గురువు. జిల్లా అంతా వచ్చినా సరిపోదు."

"స్థలం నిండినచోట ఆగుతుంది," అన్నారాయన ప్రశాంతంగా. "లోపం నిబంధనలో లేదు, మీ గదిలో ఉంది. విశాలమైన ప్రాంగణం సమకూరుస్తాం. పన్నెండు తరగతుల ప్రత్యేక కోర్సు. పదహారున నేనే స్వయంగా ప్రారంభిస్తాను."

బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాను. ముప్ఫైఒక్క ఏళ్ళలో నేను రెండు రౌండ్లు పరిగెత్తించిన పిల్లలందరూ గుర్తుకొచ్చారు. వాళ్ళలో కొందరు సరైన ప్రశ్నే అడిగి ఉంటారు.

ప్రాంగణం అంటే బైపాసు పక్కన ఏసీ ఫంక్షన్ హాలు. చుట్టూ ప్రహరీ, ముందు బస్సులు నిలిపే జాగా. లోపల అరవైనలుగురికి మించి ఉండకూడదని ఫైరువాళ్ళ బోర్డు. సంస్థవారు బోర్డును చూసి సరిగ్గా ముప్ఫైరెండుమంది గురువులు, ముప్ఫైరెండుమంది శిష్యులు ఉండేలా ఏర్పాటు చేశారు. శిష్యుల్లో ఏడుకొండలు, మాణిక్యం పోగా ముప్ఫైమంది పరిశీలకులే. ఇద్దరు గురువులకు పరిశీలకులు తక్కువైతే, ఆ తప్పు ఫైరువాళ్ళదని ఫైల్లో రాసుకున్నారు. అందరినీ జిల్లా కేంద్రం నుంచి తీసుకురావడానికి డిపో బస్సును మాట్లాడారు. ఆ బస్సు డ్రైవరు కన్నారావు, ఏడుకొండలు స్నేహితుడు.

పదహారు పొద్దున్న ఏడుకొండలు కొత్త చాప చంకన పెట్టుకుని వచ్చాడు. ఇక పదమూడు రోజులే గడువు. అయినా మనిషి ముఖంలో ఆశ ఉంది. పెద్ద హాలు కదండీ, ఎక్కడో ఒక గోడ ఖాళీగా ఉంటది, కేలండరు కూడా తెచ్చానండి అన్నాడు. నిజంగానే చుట్ట చుట్టి తెచ్చాడు.

అందరూ సర్దుకున్నాక నియంత్రణాధికారి కారు ఆగింది. సన్నాయి మేళంతో ఆయన లోపలికి అడుగు పెట్టగానే సుదర్శనం గుడ్లు తేలేశాడు. ముప్ఫైరెండుకి ముప్ఫైముగ్గురు. మొత్తం అరవైఅయిదుగురు. ఫైరువాళ్ళ బోర్డూ పోయింది, ఏడవ నిబంధనా పోయింది.

సుదర్శనం లెక్క చూసుకున్నాడు. పరిశీలకులందరూ డ్యూటీలో ఉన్నారు, పంపడానికి లేదు. మాణిక్యం అధికారిగారికి పుష్పగుచ్ఛం ఇవ్వాలి, పంపడానికి లేదు. అధికారిగారిని పంపడం గురించి ఎవరూ మాట్లాడలేదు. చివరికి నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"మాస్టారండీ, ఏమీ అనుకోకండి. మీ శిష్యుడొక్కడే ఇక్కడ ఏ బాధ్యతా లేని మనిషి. కాస్త బయట కూర్చుంటే నిష్పత్తి సరిపోతుంది."

"వీడి మెడ కోసమే కదయ్యా ఇదంతా."

"అవునండి. అందుకే ఆయనా సహకరించాలి."

ఏడుకొండలు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. చాప చుట్టుకుని, కేలండరు పట్టుకుని, మెడ నిటారుగా పెట్టుకుని బయటికి నడిచాడు. వాడి వెనక తలుపు మూశారు. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

వాడి స్థానంలో నా శిష్యుడిగా నమోదైంది విశ్వంభరరావుగారు. ఏమండీ, మీకు ఎక్కడ నొప్పి అని పద్ధతి ప్రకారం అడిగాను. నొప్పులేమీ లేవు, శవాసనం చెప్పండి చాలన్నారు. పడుకోబెట్టాను. నాలుగు నిమిషాల్లో గురక. అధికారిగారు పడుకున్నాక మిగతా శిష్యులు నిలబడితే ఏం బాగుంటుంది, అందరూ పడుకున్నారు. ఇరవైరెండవ నిబంధన: శవాసనమునందున్న వారిని లేపరాదు, ఆ సమయమున గురువులు సైతము నేత్రములు మూసుకొని ఉండవలెను. అరవైమూడు జతల కళ్ళు మూతపడ్డాయి. నా కళ్ళు తెరిచే ఉన్నాయి. అటూ ఇటూ చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని, వంటవాళ్ళు వాడే గుమ్మంలోంచి బయటపడ్డాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను చేసిన మొదటి ఉల్లంఘన అది.

ఏడుకొండలు మెట్ల మీద లేడు. చాప మాత్రం ఉంది. చూస్తే బస్సులో డ్రైవరు సీటులో కూర్చుని ఉన్నాడు. కన్నారావు టీకి వెళ్ళాడట. తాళం తన జేబులోనే ఉంది కాబట్టి కాసేపు కూర్చుని మనసు తీర్చుకోరా అన్నాడట.

నేను కిందనే నిలబడిపోయాను. వాడు కూర్చున్న తీరు చూశాను. ఇంట్లో కుర్చీలో కూర్చునే ఏడుకొండలు వేరు, ఈ మనిషి వేరు. భుజాలు దిగి ఉన్నాయి. చేతులు స్టీరింగు మీద తేలిగ్గా ఉన్నాయి. ఊపిరి పొట్ట దాకా వెళుతోంది. మొదటి రోజు మనిషిని చూడాలి అని గొప్పగా చెప్పుకునే నాకు, ఆ మనిషిని అతని చోట చూడాలని అరవైఆరేళ్ళు వచ్చేదాకా తట్టలేదు. నా బుర్రకి నేనే ఒక మొట్టికాయ వేసుకున్నాను.

బస్సు చుట్టూ తిరిగి వాడి కుడి కిటికీ కింద, కాస్త వెనగ్గా వెళ్ళి నిలబడ్డాను.

"ఏడుకొండలూ, కోటిపల్లి వెళుతుందా?"

"వెళ్ళదండి, స్పెషలండి," అంటూ వాడు అలవాటుగా ఇటు తిరగబోయాడు. సగంలో పట్టేసింది. అయినా గుమ్మం చెక్క కంటే, చెవి కంటే చాలా ఇవతలికి వచ్చాడు.

"ఊపిరి వదులు. తొందర లేదు. అద్దంలో ఏం కనపడుతోంది?"

"మీ చెప్పులండి. చేతిలో ఉన్నాయేంటండీ?"

"అది నీకనవసరం. ఇంకాస్త."

పదిహేడవ నిబంధన గుర్తుందిగా. నమోదైన ప్రాంగణం, నమోదైన సమయం. బస్సు ప్రహరీ లోపలే ఉంది, గంట తొమ్మిదే అయింది. పైగా అక్కడ ఒక గురువు, ఒక శిష్యుడు. నూటపద్నాలుగు పేజీల మార్గదర్శిక మన రాష్ట్రంలో అక్షరాలా అమలైన చోటు ఆ బస్సు ఒక్కటే అయి ఉంటుంది.

పన్నెండు రోజులు అలాగే జరిగింది. ఏసీ చల్లదనం, శవాసనం సుఖం పడటంతో విశ్వంభరరావుగారు ఒక్కరోజు కూడా మానలేదు. ఆయన రావడం, పడుకోవడం, లోకమంతా కళ్ళు మూసుకోవడం, నేను చెప్పులు పట్టుకోవడం. ఆయన లేచే వేళకి నా చోట నేను ఉండేవాణ్ణి. మాస్టారి సన్నిధిలో గొప్ప ప్రశాంతత కలుగుతోందని ఆయన సందర్శకుల పుస్తకంలో రాశారు.

బయట మాత్రం రోజుకో అడుగు చొప్పున నేను వెనక్కి జరిగేవాణ్ణి. వాడు ముందు చక్రం దగ్గర నన్ను చూశాడు, తర్వాత డీజిలు ట్యాంకు దగ్గర చూశాడు. ఒక రోజు నొప్పెట్టి కోపంతో స్టీరింగు మీద గుద్దాడు. ఇక నావల్ల కాదండి, నా రాత గేటేనండి అని తల వంచుకున్నాడు. నేను బలవంతం చెయ్యలేదు. దిగరా అని, ఇద్దరం మెట్ల మీద కూర్చుని వేరుశెనక్కాయలు తిన్నాం. కన్నారావు కూడా వచ్చి కూర్చున్నాడు. రూట్లో ఏ ఊరి దగ్గర ఏ గొయ్యి పడిందో చెప్పుకొచ్చాడు. వాడు ఎడమ పక్కన కూర్చుంటే ఏడుకొండలు తిరిగి వింటున్నాడు. నేను కన్నారావుకి సైగ చేశాను. వాడు లేచి కుడి పక్కకి వచ్చి మళ్ళీ గోతుల సంగతి ఎత్తుకున్నాడు. ఏడుకొండలు అటే తిరిగి విన్నాడు.

ఇరవైఏడున బస్సు వెనక బంపరు దగ్గర నిలబడి చెయ్యి ఊపాను.

"కనపడతన్నారండి మాస్టారూ," అని అరిచాడు వాడు. "గడ్డం గీసుకోలేదండి మీరివాళ."

ఇరవైతొమ్మిదిన డిపో డాక్టరు కుడికి చూడమన్నాడు, చూశాడు. గడ్డం భుజాన్ని తాకింది. ఇంకోసారి అన్నాడు, ఇంకోసారి చూశాడు. సంతకం పెట్టేశాడు. మాణిక్యం మా ఇంటికి వచ్చి, మా ఆవిడ చేతిలో అరటిపళ్ళ గెల పెట్టింది. పాల గిన్నె కొన్నావా అమ్మా అని అడిగాను.

కథ అక్కడితో అయిపోవాలి. మెడ వరకు అయిపోయింది. ఫైలు వరకు కాలేదు.

ముప్ఫైన సంస్థ నుంచి ఉత్తరువు వచ్చింది. శిష్యుడు శ్రీ ఏడుకొండలు పన్నెండు తరగతులకు గాను పన్నెండింటికీ గైర్హాజరైనందున సదరు వ్యక్తి మెడ రికార్డుల ప్రకారం తిరగని స్థితిలోనే ఉన్నదని, ప్రజాహితం దృష్ట్యా దానిని అలా వదిలివేయడం భావ్యం కాదని, కావున మరి పన్నెండు తరగతులు పొడిగిస్తున్నామని అందులో ఉంది. నేను కార్యాలయానికి ఫోను చేశాను. మెడ బాగైపోయిందని సుదర్శనానికి చెప్పాను.

"చాలా సంతోషమండి," అన్నాడతను మనస్ఫూర్తిగా. "కానీ బాగవడానికి ముందు కనీసం ఒక్క తరగతికైనా హాజరవ్వాలి కదండీ. హాజరు లేకుండా బాగైతే ఏ గడిలో రాయమంటారు?"

మూడో తారీఖున మళ్ళీ హాలుకు వెళ్ళాను. అరవైఒక్కమందిని దింపడానికి డిపో బస్సు వచ్చి ఆగింది. కన్నారావు సెలవులో ఉన్నాడు. ఖాకీ చొక్కా వేసుకుని, స్టీరింగు ముందు ఏడుకొండలు ఉన్నాడు. డ్యూటీలోకి తీసుకున్నాక వాడికి పడిన మొదటి ట్రిప్పు ఇదే. కుడి అద్దంలో చూసుకుంటూ, ఒక్క విసురున బస్సును గోడ వారగా వెనక్కి పెట్టాడు. తన మెడ బాగుచేయడానికి వచ్చినవాళ్ళందరూ జాగ్రత్తగా దిగి లోపలికి వెళ్ళేదాకా తలుపు పట్టుకుని ఆగాడు.

"మాస్టారూ," అన్నాడు నన్ను చూసి. "లోపల నా మెడ ఎలా ఉందో కాస్త కనుక్కుని చెప్పండి."

లోపల విశ్వంభరరావుగారు ఈసారి హాజరు తానే స్వయంగా పిలుస్తానని మైకు అందుకున్నారు. అందరూ పలికారు. మాణిక్యం కూడా పలికింది.

"శిష్యుడు ఏడుకొండలు," అన్నారు మైకులో.

బయటి నుంచి బస్సు హారన్ ఒకసారి మోగింది.

"శిష్యుడు ఏడుకొండలు," అన్నారు మళ్ళీ.

ఈసారి రెండుసార్లు మోగింది. అధికారిగారి ముఖం కందగడ్డ అయింది. విసవిసా బయటికి నడిచారు. నేను వెనకే వెళ్ళాను. ఆయన తిన్నగా డ్రైవరు వైపు కిటికీ కిందకి వెళ్ళి నిలబడ్డారు. ఆయన ఏడుకొండలు ఫైలు చూడటమే గానీ ముఖం ఎన్నడూ చూసినవారు కాదు.

"ఏమయ్యా డ్రైవరూ, బుద్ధుందా? లోపల ఒక మనిషి మెడ కోసం ఇంతమందిమి పాటుపడుతుంటే హారన్ కొడతావా?"

ఏడుకొండలు ఊపిరి వదులుతూ, నిదానంగా, గడ్డం కుడి భుజం మీదికి వచ్చేదాకా తిరిగి ఆయన్ని చూశాడు.

"తప్పయిపోయిందండి. ఎవరిదండీ పాపం, ఆ మెడ?"

"ఎవరో డ్రైవరుదట. ఏం మనుషులో, ఒక్కరోజు కూడా రాలేదు," అని విశ్వంభరరావుగారు నిట్టూర్చి, లోపలికి వెళ్ళి, రిజిస్టరులో గైర్హాజరు అని రాసి, చాప మీద పడుకుని కళ్ళు మూసుకున్నారు.